ఏ జాన్సన్? అమెరికా రాజకీయాల్లో ఒకే ఇంటిపేరు తెచ్చే తిప్పలు: అపోహలు - వాస్తవాలు

"జాన్సన్ ఏదో బిల్లు పెట్టాడట, మన గ్రీన్‌కార్డులు ఆగిపోతాయట, నిజమేనా?" అమెరికా రాజకీయ వార్తలు తెలుగులో రాసేవాళ్లను ఈ ప్రశ్న వదిలిపెట్టదు. జవాబు చెప్పాలంటే ముందు ఎదురు ప్రశ్న వేయక తప్పదు: ఏ జాన్సన్?

2025 జనవరిలో కొలువుదీరిన 119వ కాంగ్రెస్‌లోనే (కాంగ్రెస్ అంటే అమెరికా పార్లమెంటు) ఐదుగురున్నారు. స్పీకర్ మైక్ జాన్సన్‌ది లూసియానా. సెనేటర్ రాన్ జాన్సన్‌ది విస్కాన్సిన్. ప్రతినిధుల సభలో డస్టీ జాన్సన్‌ది సౌత్ డకోటా. ఈ ముగ్గురూ రిపబ్లికన్లే కాబట్టి పార్టీ చూసి పోల్చుకుందామన్నా కుదరదు. డెమొక్రాట్లలో హ్యాంక్ జాన్సన్‌ది జార్జియా, జూలీ జాన్సన్‌ది టెక్సస్. వీళ్లెవరూ ఒకరికొకరు బంధువులు కారు.

మనకు ఇంటిపేరు కలిస్తే దాయాదులేమో అనిపిస్తుంది. అందుకే పొరపడతాం. అక్కడ జాన్సన్ అంటే మొదట్లో 'జాన్ కొడుకు' అని మాత్రమే అర్థం. స్వీడన్, నార్వేల నుంచి వచ్చిన జొహాన్సన్‌లు, యొహాన్సెన్‌లు ఎందరో అక్కడికొచ్చి జాన్సన్‌లయ్యారు. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి కుటుంబాలు కూడా ఎన్నో ఈ పేరుతో ఉన్నాయి. 2010 జనాభా లెక్కల్లో 19,32,812 మంది జాన్సన్‌లు తేలారు. స్మిత్ తర్వాత రెండో స్థానం. పీవీ నరసింహారావు, ఎన్టీ రామారావు పేర్ల చివర 'రావు' ఉందని వాళ్లను చుట్టాలనుకోం కదా. జాన్సన్‌నూ అలాగే చదువుకోవాలి.

అపోహ: "స్పీకర్ జాన్సన్ పెద్ద పదవిలో ఉన్నాడు, మన కేసు ఆయనకే రాద్దాం" లేదా "డాలస్‌లో ఉన్నాం కదా, డాలస్ జాన్సన్‌కి రాద్దాం"

జనం ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. వర్క్ పర్మిట్ రెన్యువల్ నెలల తరబడి కదలదు. ఉద్యోగం పోతుందేమోనని ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. అలాంటప్పుడు ఎవరో "జాన్సన్ ఆఫీసుకు రాయండి" అంటారు. వెతికితే మొదట కనబడే జాన్సన్‌కే ఉత్తరం వెళ్తుంది. వాళ్ల వెబ్‌సైట్‌లోని ఫారం జిప్ కోడ్ చూసి అక్కడికక్కడే తిప్పికొడితే అదృష్టమే. తపాలాలో పంపితే, 'మీరు మా డిస్ట్రిక్ట్‌లో (నియోజకవర్గంలో) లేరు, మీ ప్రతినిధిని సంప్రదించండి' అన్న జవాబు రావడానికే వారాలు పడుతుంది. గడువు దగ్గరపడ్డ మనిషికి ఆ వారాలు ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు.

వాస్తవం ఇది. కాంగ్రెస్ సభ్యుల ఆఫీసులు ఇమ్మిగ్రేషన్ కేసుల్లో సాయం చేస్తాయి. అయితే తమ డిస్ట్రిక్ట్‌లో నివసించేవాళ్లకే చేస్తాయి. పేరుకీ పదవికీ దీంట్లో పని లేదు. మైక్ జాన్సన్ స్పీకరే కావచ్చు, కేసుల విషయంలో ఆయన లూసియానా 4వ డిస్ట్రిక్ట్ ప్రతినిధి. మీకు ఓటు హక్కు ఉందా లేదా అన్నది కూడా ప్రధానం కాదు, ఇల్లు ఎక్కడుందన్నదే ప్రధానం. సెనేటర్ల సంగతి వేరు: రాష్ట్రానికి ఇద్దరుంటారు, రాష్ట్రంలో ఎక్కడున్నా ఇద్దరిలో ఎవరినైనా అడగొచ్చు. రాన్ జాన్సన్‌ను అడగాలంటే మీ ఇల్లు విస్కాన్సిన్‌లో ఉండాలి, అంతే.

డాలస్‌లో ఈ తికమక పాతదే. 1993 నుంచి 2019 జనవరి దాకా ఆ ప్రాంతానికి ఒకేసారి ఇద్దరు జాన్సన్‌లు ఉండేవారు. ప్లేనో వైపున్న 3వ డిస్ట్రిక్ట్‌కు శామ్ జాన్సన్, రిపబ్లికన్. డాలస్ నగరంలోని 30వ డిస్ట్రిక్ట్‌కు ఎడ్డీ బెర్నిస్ జాన్సన్, డెమొక్రాట్. సభలో ఓట్ల జాబితా తయారుచేసేవాళ్లకూ ఇబ్బందే. మామూలుగా ఒకే ఇంటిపేరున్న సభ్యులకు పక్కన బ్రాకెట్లో రాష్ట్రం వేస్తారు. ఇద్దరిదీ టెక్ససే కావడంతో అది చాలక, 'జాన్సన్, ఇ.బి.' అనీ 'జాన్సన్, శామ్' అనీ వేసేవారు. ఇప్పుడు అదే డాలస్ ప్రాంతం నుంచి 32వ డిస్ట్రిక్ట్‌కు జూలీ జాన్సన్ వచ్చారు. పాత వ్యాసం చదివి 'డాలస్ జాన్సన్' అనుకుంటే ముగ్గురిలో ఎవరో తేలదు. డాలస్ మెట్రో ప్రాంతమంతా ఒక్క డిస్ట్రిక్ట్ కూడా కాదు, ఎన్నో ముక్కలుగా ఉంది. పైగా టెక్సస్ 2025లో సరిహద్దులు మళ్లీ గీసింది. ఎదురింటివాళ్ల ప్రతినిధే మీ ప్రతినిధి అని కూడా అనుకోవద్దు.

కాబట్టి పేరుతో మొదలుపెట్టకండి, చిరునామాతో మొదలుపెట్టండి. ప్రతినిధుల సభ అధికారిక వెబ్‌సైట్‌లో మీ ప్రతినిధిని వెతికే పేజీ ఉంది. అక్కడ ఐదంకెల జిప్ కోడ్ ఇస్తే కొన్నిసార్లు ఇద్దరు ముగ్గురి పేర్లు వస్తాయి, ఎందుకంటే ఒకే జిప్ రెండు మూడు డిస్ట్రిక్టుల్లోకి పాకి ఉండొచ్చు. అప్పుడు వీధి పేరు, ఇంటి నంబరుతో సహా ఇవ్వండి. ఒక్క పేరే మిగులుతుంది. అది జాన్సన్ అయినా కాకపోయినా మీ ఆఫీసు అదే.

ఆ తర్వాత కావాల్సింది గోప్యతా అనుమతి పత్రం. అది లేకుండా యూఎస్‌సీఐఎస్ (వలస దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ) మీ కేసు గురించి కాంగ్రెస్ ఆఫీసుకు ఒక్క ముక్క చెప్పదు. అందులో పూర్తి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి. మనలో చాలామందికి ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒకచోట, దరఖాస్తులో ఇంకోచోట ఉంటుంది. కేసు దొరకకపోవడానికి ఇదీ ఒక కారణమే. పుట్టిన తేదీ, ఏ-నంబరు (వలసదారులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉంటే అది, రిసీట్ నంబరు (దరఖాస్తు అందాక యూఎస్‌సీఐఎస్ ఇచ్చేది) రాయండి. రిసీట్ నంబరంటే మూడు అక్షరాలు, పది అంకెలు, మొత్తం పదమూడు. సున్నాకు బదులు 'ఓ' అక్షరం రాసి పంపేవాళ్లున్నారు, ఒకటికి రెండుసార్లు సరిచూడండి. పేరు టైపు చేసి వదిలేయకుండా సంతకం చేయండి.

ఎక్కువగా బెడిసికొట్టేది ఎవరు సంతకం చేయాలన్న దగ్గరే. ఐ-485 (గ్రీన్‌కార్డు), ఐ-765 (వర్క్ పర్మిట్) మీరు పెట్టుకున్న దరఖాస్తులు, సంతకం మీది. ఐ-140 (ఉద్యోగి గ్రీన్‌కార్డు కోసం), హెచ్-1బి (ఉద్యోగ వీసా) పిటిషన్లు పెట్టింది కంపెనీ. అక్కడ అనుమతి కంపెనీ ఇవ్వాలి, మీ సంతకంతో కేసు వివరాలు బయటికి రావు. పంపేముందు యూఎస్‌సీఐఎస్ ప్రాసెసింగ్ టైమ్స్ పేజీలో మీ దరఖాస్తు తేదీ మామూలు గడువు దాటిందో లేదో చూసుకోండి. దాటకపోతే కాంగ్రెస్ ఆఫీసు అడిగినా 'ఇంకా గడువులోనే ఉంది' అన్న జవాబే వస్తుంది. ఒకే కేసును ప్రతినిధికీ, ఇద్దరు సెనేటర్లకూ ఒకేసారి పంపకండి. విచారణలు మూడైతే పని మూడింతలు వేగంగా జరగదు, ఒకరు చూస్తున్నారని తెలిస్తే మిగతావాళ్లు ఆగిపోతారు. ఆఫీసు చేయగలిగింది కేసు ఎక్కడ ఆగిందో అడగడం, తప్పు ఉంటే ఎత్తిచూపడం, అత్యవసరమైతే త్వరపెట్టమని కోరడం. ఆమోదించమని ఆజ్ఞాపించే అధికారం స్పీకర్‌కూ లేదు.

అపోహ: "మనల్ని అమెరికా రానిచ్చిందీ, రానివ్వనిదీ ఆ జాన్సనే"

రెండూ జాన్సన్ పేరుతో ముడిపడ్డవే. మనుషులు మాత్రం వేరు, మధ్యలో నలభై ఒక్క ఏళ్లున్నాయి. 1924 నాటి జాన్సన్-రీడ్ చట్టంలోని జాన్సన్ పేరు ఆల్బర్ట్ జాన్సన్. వాషింగ్టన్ రాష్ట్ర రిపబ్లికన్, ప్రతినిధుల సభ ఇమ్మిగ్రేషన్ కమిటీ ఛైర్మన్. దేశాలవారీ కోటాను, 1890 జనాభా లెక్కల్లో అమెరికాలో ఉన్న ఆ దేశస్థుల సంఖ్యలో 2 శాతానికి కుదించి, పౌరసత్వానికి అర్హత లేనివాళ్లకు వలస తలుపు మూసేసింది ఆ చట్టం. భారతీయులకు ఆ అర్హత లేదని 1923లో థింద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది కాబట్టి మనమూ తలుపు బయటే ఉండిపోయాం. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చాక ఏడాదికి 100 మందికి దారి దొరికింది. దేశం మొత్తానికి వంద!

1965 అక్టోబర్ 3న న్యూయార్క్‌లో స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర కూర్చుని జాతుల కోటాలను రద్దుచేసే చట్టంపై సంతకం చేసింది అధ్యక్షుడు లిండన్ జాన్సన్. గుంటూరు, వరంగల్, విశాఖల నుంచి డాక్టర్లు, ఇంజనీర్లు అమెరికా బాట పట్టింది ఈ చట్టం తర్వాతే. దీన్ని 'జాన్సన్ చట్టం' అని రాయకండి, దాని పేరు హార్ట్-సెల్లర్ చట్టం. ఆ సెల్లర్, 1946 చట్టంలోని సెల్లర్ ఒక్కరే, ఇమాన్యుయెల్ సెల్లర్. 1924లో కొత్త సభ్యుడిగా ఆల్బర్ట్ జాన్సన్ బిల్లును వ్యతిరేకించినవాడూ ఆయనే. నాలుగు దశాబ్దాలు పట్టువదలకుండా నిలబడ్డ మనిషి పేరు మన వ్యాసాల్లో దాదాపు కనబడదు. జాన్సన్‌ల గందరగోళంలో ఆయన మరుగునపడటం బాధాకరం.

మూడో జాన్సన్ కూడా ఉన్నాడు. ఒట్టి 'జాన్సన్ చట్టం' అని 1934 తేదీతో కనబడితే అది కాలిఫోర్నియా సెనేటర్ హైరమ్ జాన్సన్‌ది. అమెరికాకు బాకీ తీర్చని దేశాలకు అప్పులివ్వకుండా ఆపింది. వలసలతో దానికి సంబంధం లేదు. అయితే 1913లో ఆయన గవర్నర్‌గా ఉన్నప్పుడే కాలిఫోర్నియాలో ఆసియావాళ్లకు భూమి దక్కకుండా చేసిన చట్టం వచ్చింది. అక్కడి పంజాబీ రైతులు దాని దెబ్బ తర్వాత ఏళ్లపాటు తిన్నారు.

అపోహ: "బిల్లు పెట్టారంటే అయిపోయినట్టే"

కాదు. ఒక్కో కాంగ్రెస్ రెండేళ్ల కాలంలో పదివేలకు పైగా బిల్లులు వస్తాయి, చట్టాలయ్యేవి కొన్ని వందలు. ఫార్వర్డ్ వచ్చిందా, అందులో బిల్లు నంబరు ఉందా చూడండి. నంబరు లేని బిల్లు గురించి కంగారుపడి నిద్ర పాడుచేసుకోవద్దు. ఉంటే, 'హెచ్.ఆర్.' అంటే ప్రతినిధుల సభలో పెట్టింది, 'ఎస్.' అంటే సెనేట్‌లో పెట్టింది. సెనేట్ బిల్లు పెట్టిన జాన్సన్ స్పీకర్ జాన్సన్ అయ్యే అవకాశమే లేదు. సగం పుకార్లు ఇక్కడే తేలిపోతాయి.

ప్రతి కొత్త కాంగ్రెస్‌లో నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి, అందుకని ఎన్నో కాంగ్రెస్సో కూడా చూడాలి. లెక్క సులువు: ఆ సంఖ్యను రెట్టింపు చేసి 1787 కలపండి. 119 రెట్టింపు 238, కలిపితే 2025. ఆ ఏడాది మొదలైన కాంగ్రెస్ అన్నమాట. 1965 చట్టం 89వ కాంగ్రెస్‌లో హెచ్.ఆర్. 2580.

ఇదే తికమక 'లీ' పేరుతోనూ జరిగింది. గ్రీన్‌కార్డులో దేశాలవారీ పరిమితి ఎత్తేసే బిల్లు 2019లో సెనేట్‌లో ఎస్. 386గా పెట్టింది యూటా రిపబ్లికన్ మైక్ లీ. అప్పుడే ప్రతినిధుల సభలో కాలిఫోర్నియా బార్బరా లీ, నెవాడా సూసీ లీ ఉన్నారు. సభ తన రూపం హెచ్.ఆర్. 1044ను 365-65 ఓట్లతో దాటించింది. సెనేట్ 2020 డిసెంబర్‌లో తన రూపాన్ని దాటించింది. రెండు రూపాలూ ఒకటి కాకుండానే గడువు ముగిసింది. అది చట్టం అయిందని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. కాలేదు.

అపోహ: "చందా ఏ జాన్సన్‌కిచ్చినా మనవాడికే చేరుతుంది"

చేరదు. ఎఫ్‌ఈసీ (అమెరికా ఎన్నికల విరాళాల లెక్కలు చూసే కమిషన్) రికార్డుల్లో అభ్యర్థి కమిటీ నంబరు 'సి' అక్షరంతో మొదలై ఎనిమిది అంకెలతో ఉంటుంది. అది సరిచూసి ఇవ్వండి. హెచ్-1బి, ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు అసలు ఇవ్వకూడదు, చట్టవిరుద్ధం. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు.

మిగతావి గబగబా. లింకన్, కెనెడీ హత్యల తర్వాత అధ్యక్షులైన ఆండ్రూ జాన్సన్, లిండన్ జాన్సన్ బంధువులు కారు. ఒకరు 1808లో, ఇంకొకరు 1908లో పుట్టారన్నది నిజమే, కాకతాళీయం తప్ప అందులో మర్మం లేదు. 1868లో అభిశంసన ఎదుర్కొని ఒక్క ఓటుతో బయటపడింది ఆండ్రూ, లిండన్ కాదు. హ్యూస్టన్ జాన్సన్ స్పేస్ సెంటర్ లిండన్ పేరిట ఉంది. సౌత్ డకోటా డెమొక్రాట్ టిమ్ జాన్సన్, ఇల్లినాయిస్ రిపబ్లికన్ టిమ్ జాన్సన్ ఇద్దరు మనుషులు. ఒకరు సెనేట్‌లో ఉన్నప్పుడే రెండోవారు ప్రతినిధుల సభలో ఉన్నారు. బోరిస్ జాన్సన్ పుట్టింది న్యూయార్క్‌లోనే అయినా బ్రిటన్ రాజకీయ నాయకుడు.

వార్తలు రాసే తమ్ముళ్లకూ, చెల్లెళ్లకూ ఒక్క మాట. ఫొటో పెట్టేముందు కాంగ్రెస్ జీవితచరిత్రల డైరెక్టరీలోని ఐడీ చూడండి. ఇంటిపేరు మొదటి అక్షరం, ఆపై ఆరంకెలు: స్పీకర్ మైక్ జాన్సన్‌ది జె000299, సెనేటర్ రాన్ జాన్సన్‌ది జె000293. మొదటి ప్రస్తావనలోనే పూర్తి పేరు, సభ, రాష్ట్రం రాయండి. లూసియానా విషయంలో ఇంకాస్త జాగ్రత్త: 1972 నుంచి 1997 దాకా ఆ రాష్ట్ర సెనేటర్‌గా ఉన్న డెమొక్రాట్ బెన్నెట్ జాన్‌స్టన్ పేరులో 'ట' ఉంది. తెలుగులో తొందరగా టైపు చేస్తే అది ఎగిరిపోయి, ఆయన కూడా లూసియానా జాన్సన్ అయిపోతాడు.