ఊపిరి లెక్క: నర్సింగ్ విద్యార్థులు వదిలేయకూడని ఒక్క నిమిషం

చాలా వార్డుల్లో జ్వరం, నాడి, శ్వాస రాసే టీపీఆర్ చార్టులు తిరగేస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జ్వరం ఒకరికి 99, ఇంకొకరికి 102. నాడి 78, 96, 110. శ్వాస గడి దగ్గరికొచ్చేసరికి మాత్రం వరుసగా అందరికీ 20. న్యుమోనియాతో ఉన్న పెద్దాయనా, నిన్న హెర్నియా ఆపరేషన్ అయిన కుర్రాడూ ఒకే లెక్కన ఊపిరి తీస్తున్నారంటే నమ్మలేం. ఎవరూ లెక్కపెట్టలేదు, అంతే. నాడికీ బీపీకీ మిషన్లు వచ్చేశాయి. ఊపిరికి మాత్రం మామూలు వార్డులో ఇప్పటికీ మన కళ్లే దిక్కు. మిగతా అంకెలు చెడకముందే రోగి పరిస్థితిని చాలాసార్లు బయటపెట్టేది ఈ అంకే. ఎందుకో అర్థమైతే ఎవరూ దాన్ని ఊహించి రాయరు.

ఊపిరితిత్తులు వాటంతట అవి కదలలేవు. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా ఉబ్బి ఉండే డయాఫ్రమ్ కండరం ముడుచుకుని కిందికి దిగుతుంది, ఛాతీలో చోటు పెరుగుతుంది, గాలి లోపలికొస్తుంది. ఆ కండరాన్ని నడిపే ఫ్రెనిక్ నరం మెడలోని 3, 4, 5 నరమూలాల నుంచి పుడుతుంది. ప్రమాదంలో మెడ విరిగి, వెన్నుపాము అంతకు పైన పూర్తిగా తెగితే ఊపిరి ఆగిపోయేది అందుకే. తెగింది బాగా కిందైతే, కాళ్లు పడిపోయినా రోగి తన ఊపిరి తాను తీసుకోగలడు.

ఇక ఎంత వేగంగా తీయాలో తేల్చేది మెదడు కింది భాగంలోని మెడుల్లా. ఆక్సిజన్ తగ్గితేనే మనం గట్టిగా ఊపిరి తీస్తామని చాలామంది అనుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో క్షణక్షణం ఊపిరిని నడిపేది ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్. అది నీటితో కలిస్తే కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. మెదడు చుట్టూ ఉండే ద్రవంలో ఆమ్లం కాస్త పెరిగినా మెడుల్లా దగ్గరి గ్రాహకాలు పసిగట్టి వేగం పెంచుతాయి. మెడ ధమని చీలే చోట కరోటిడ్ బాడీ అనే చిన్న కణజాలం ఉంది. రక్తంలో ఆక్సిజన్ పీడనం 60 మిల్లీమీటర్ల పాదరసం దగ్గరికి పడిపోయినప్పుడు అది గట్టిగా హెచ్చరిస్తుంది. ఇలాంటి గ్రాహకాలు శ్వాసను ఎలా నియంత్రిస్తాయో చూపినందుకే బెల్జియం శాస్త్రవేత్త కార్నీల్ హేమన్స్‌కు 1938 నోబెల్ బహుమతి దక్కింది.

ఇప్పుడొక లెక్క చేద్దాం. కాగితం మీద మీరూ చేసి చూడండి. పెద్దవాళ్లు ఒక్కో ఊపిరికి సుమారు 500 మిల్లీలీటర్ల గాలి తీసుకుంటారు. అందులో 150 దాకా ముక్కు, గొంతు, శ్వాసనాళాల్లోనే ఆగిపోతుంది, రక్తాన్ని చేరదు. దాన్నే డెడ్ స్పేస్ అంటాం. నిమిషానికి 12 ఊపిర్లయితే మొత్తం 6,000 మిల్లీలీటర్లు, ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్‌ను రక్తానికి అందించే గాలి గదులకు చేరేది 4,200. అదే మనిషి పక్కటెముకలు విరిగి, నొప్పికి భయపడి 200 చొప్పున 30 సార్లు తీశాడనుకోండి. మొత్తం మళ్లీ 6,000. గదులకు చేరేది మాత్రం 50 చొప్పున 1,500. చూసేవాళ్లకు తెగ ఊపిరి పీలుస్తున్నట్టే ఉంటుంది, లోపల గాలి చాలదు. అందుకని అంకె ఒక్కటే రాస్తే చాలదు, ఊపిరి లోతుగా ఉందా, పైపైన ఉందా అన్నదీ రాయాలి. ఆపరేషన్ అయినవాళ్లకు నొప్పి మందు వేళకు ఇవ్వడం, కూర్చోబెట్టి గట్టిగా ఊపిరి తీయించడం వెనకున్నదీ ఈ లెక్కే.

“సాచురేషన్ 97 ఉంది కదా సిస్టర్, ఏం భయం లేదు” అన్న మాట తరచూ వినిపిస్తుంది. వేలికి పెట్టే ఆక్సీమీటర్ హీమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందో చెబుతుంది. ఆ 97ని నిలబెట్టడానికి రోగి ఎంత కష్టపడుతున్నాడో చెప్పదు. ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదిరి లాక్టిక్ ఆమ్లం పేరుకుంటే, కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువగా బయటికి పంపి ఆ పులుపును సర్దడానికి శరీరం ఊపిరి వేగం పెంచుతుంది. అప్పటికి బీపీ, సాచురేషన్ మామూలుగానే ఉండొచ్చు. రోగి పరిస్థితి దిగజారడాన్ని ముందే పసిగట్టడానికి బ్రిటన్ ఆసుపత్రులు వాడే న్యూస్ (NEWS) స్కోరులో ఊపిరి నిమిషానికి 25 లేదా అంతకు మించినా, 8 లేదా అంతకు తగ్గినా ఆ ఒక్కదానికే గరిష్ఠంగా 3 పాయింట్లు వేస్తారు.

షుగర్ రోగుల్లో ఇన్సులిన్ బొత్తిగా చాలక, కొవ్వు కరిగి పుట్టే కీటోన్లనే ఆమ్లాలు పేరుకున్నప్పుడూ ఇదే జరుగుతుంది. లోతుగా, ఆపకుండా సాగే ఆ ఊపిరిని 1874లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మౌల్ వర్ణించాడు. రొప్పుతున్నాడు కదా అని దాన్ని ఆస్తమా అనుకోవడం తేలిక. కానీ పిల్లికూతలు వినపడవు, నోట్లోంచి మాగిన పండు వాసన రావచ్చు. అప్పుడు వెంటనే షుగర్ చూడాలి.

లెక్కపెట్టే పద్ధతి సులువే. “ఊపిరి చూస్తున్నాను” అంటే రోగి ఊపిరి మారిపోతుంది. అందుకే నాడి చూసిన చెయ్యి వదలకుండా, మణికట్టు అలాగే పట్టుకుని, చూపు ఛాతీ మీదికి మళ్లించి నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలు. చంటిపిల్లలైతే ఏడుపు ఆపాక, తల్లి ఒడిలో ఉండగా చొక్కా పైకి తీసి చూడాలి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40, లేదా అంతకు మించితే వేగంగా ఉన్నట్టని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. “డొక్కలు ఎగరేస్తున్నాడమ్మా” అని తల్లి అంటే ఆ మాట తీసిపారేయొద్దు. ఊపిరి తీసేటప్పుడు ఛాతీ కింది భాగం లోపలికి గుంజుకుపోతోందేమో చూడండి.

ఊపిరి తగ్గడం కూడా అంతే ప్రమాదం. మార్ఫిన్ లాంటి బలమైన నొప్పి మందులు మెడుల్లాను మందగింపజేస్తాయి. ఆపరేషన్ తర్వాత హాయిగా నిద్రపోతున్నట్టున్న రోగికి లెక్క 8 వచ్చిందంటే తట్టి లేపండి, పేరు పెట్టి పిలవండి, ఊపిరి దారి మూసుకోకుండా చూడండి, డాక్టర్‌ను పిలిపించండి, మార్ఫిన్‌కు విరుగుడైన నలాక్సోన్ సిద్ధంగా ఉంచండి. ఆక్సిజన్ పెట్టి ఉన్న రోగికి ఆ సమయంలో కూడా సాచురేషన్ 98 చూపించవచ్చు.