హెర్రింగ్ కట్టిన ఊరు

ఐస్‌లాండ్ ఉత్తర తీరంలో, ఆర్కిటిక్ వలయానికి కాస్త దిగువన, కొండల నడుమ ఇరుకైన సముద్రపు పాయ ఒడ్డున సిగ్లుఫ్యోర్దుర్ ఉంది. 1903లో నార్వే జాలర్లు వచ్చి హెర్రింగ్ చేపను ఉప్పులో ఊరవేయడం మొదలుపెట్టేదాకా అదొక చిన్న పల్లె. అర్ధ శతాబ్దం తిరగకముందే జనాభా మూడు వేలకు చేరింది.

పడవ వచ్చిందంటే అర్ధరాత్రయినా ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లను నిద్రలేపేవారు. రేవు చెక్కల మీద బారులు తీరి నిలబడి, ఒక్క కోతతో చేప తల, పేగులు తీసి, పొట్ట పైకి ఉండేలా పీపాలో పేర్చి, వరుస వరుసకూ ఉప్పు చల్లేవారు. అడుగు వరుసల కోసం నడుము దాకా పీపాలోకి వంగాలి. పీపా నిండితే ఒక బిళ్ల ఇచ్చేవారు; అది బూటులో పడేది. ఆ బిళ్లల లెక్కనే కూలి. ఊరిని నిలబెట్టింది ఆ చేతులేనని నేను గట్టిగా నమ్ముతాను.

హెర్రింగ్ అక్కడికే ఎందుకు వచ్చేది? మేత కోసం. నార్వే తీరంలో గుడ్లు పెట్టి చిక్కిపోయిన చేపలు వేసవికి పడమరగా ఈదేవి. ఐస్‌లాండ్ ఉత్తర జలాల్లో నువ్వుగింజంత కలానస్ జీవులు లెక్కకు అందనంతగా ఉండేవి. వాటి ఒంట్లోని నూనె చేప కొవ్వుగా మారేది. మన గోదావరి పులస కూడా ఈ వర్గపు చేపే. దాని రుచిలోనూ కొవ్వుదే పెద్ద పాత్ర.

1960ల నడుమ ఉత్తరపు చల్లని నీరు కిందికి దిగి ఆ మేత తగ్గింది. చేపలు ఈశాన్యానికి జరిగాయి. అప్పటికే పడవల్లో గుంపుల జాడ చెప్పే సోనార్, బరువైన వలలు లాగే యంత్రాలు వచ్చాయి. నార్వే తీరంలో ఎదగని పిల్లచేపలను కూడా భారీగా పట్టారు. 1960ల చివరికి నార్వే తీరంలో గుడ్లు పెట్టే ఆ హెర్రింగ్ సంతతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, రేవులు మూగబోయాయి. తప్పు చలిదా, వలదా అంటే నేను వలవైపే వేలు చూపిస్తాను: చలికి దూరమైన చేప మళ్లీ రాగలదు, వలలో పడింది రాలేదు.

1983లో పుట్టిన పిల్లలు బతికి బట్టకట్టడంతో హెర్రింగ్ మళ్లీ పెరిగింది. కానీ పాత దారి పట్టలేదు. పిల్లలు పెద్దల వెంట ఈదుతూ దారి నేర్చుకుంటాయని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. సిగ్లుఫ్యోర్దుర్ దారి తెలిసిన పెద్దలు అప్పటికి మిగల్లేదు.