పాత స్టేషన్‌ను ఇల్లు చేసుకునే ముందు ఒక బకెట్టు నీళ్లు పోసి చూడండి

నౌపడ నుంచి మా పర్లాకిమిడికి రెండున్నర అడుగుల పట్టాల మీద రాజావారి రైలు 1900లో వచ్చింది. 2004లో ఆ బుల్లి బండి ఆగిపోయి, తర్వాత బ్రాడ్‌గేజ్ పడింది. ఆ కాలపు డంగు సున్నం మేడలు బాగుచేయడం నా పని. ఇంగ్లండులో నష్టాల రైలు దారులు మూసేయమన్న 1963 బీచింగ్ నివేదిక తర్వాత మూతపడ్డ పల్లె స్టేషన్లు ఎన్నో ఇళ్లయ్యాయి. ఆ ఫోటోలు ఫోన్లో చూసి "మేస్త్రీ గారూ, మనమూ ఒకటి చేద్దామా" అని అడుగుతున్నారు.

అపోహ: రైలు రావడం లేదుగా, తహశీల్దారు చేత రాయించుకుంటే సరి.
వాస్తవం: రైలు పట్టాలు లేచిపోతే భూమి పట్టా మన చేతికొచ్చేయదు. స్థలం రైల్వేదే.

అపోహ: గోడ చెమ్మగా ఉంటే సిమెంటు పూత వేయాలి.
వాస్తవం: నేనూ ఒకసారి ఇంటాయన పోరు పడలేక వేశాను. రెండు వానాకాలాలు తిరక్కుండానే పూత అట్టలు అట్టలుగా ఊడింది, వెనక ఇటుక పిండిపిండి. సున్నం గోడ నేలలోని చెమ్మను పీల్చి గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే నీరు లోపలే నిలిచి, ఉప్పు పొంగి, ఇటుకను తినేస్తుంది. సిమెంటు గీకేసి, బాగా నానిన సున్నం, ఇసుక పలచగా పూతమీద పూత వేయాలి. ఒక్కోటి నిదానంగా ఆరాలి. తొందరున్నవాళ్లు నన్ను పిలవొద్దు.

కానీ ముందు ఆ చెమ్మ ఎక్కడిదో చూడండి.

అపోహ: ప్లాట్‌ఫాం ఉంది కాబట్టి అరుగు కట్టే ఖర్చు తప్పింది.
వాస్తవం: ట్రాలీలు పట్టాల మీదికి దొర్లకుండా ప్లాట్‌ఫాం వాలు సాధారణంగా పట్టాల అంచు నుంచి వెనక్కి పెడతారు. అంటే వాననీరు మీ గోడ మొదట్లోకే. ఒక బకెట్టు నీళ్లు పోస్తే అరనిమిషంలో తేలిపోతుంది. గోడ పక్కన కాలువ తీశాకే సున్నం సంగతి.

అపోహ: పట్టాల కింద వేసే పాత చెక్క స్లీపర్లతో భోజనాల బల్ల బాగుంటుంది.
వాస్తవం: చెక్క పుచ్చకుండా పూసే తారునూనె, అదే క్రియోసోట్, పట్టించినవైతే ఇంట్లోకి తేవద్దు. ఎండకి వాసన, ఒంటికి తగిలితే మంట, క్యాన్సర్ భయమూ ఉంది. ఇక రైలు పట్టా ముక్కలంటారా, వేలంలో కొన్న రశీదు దగ్గరుంచుకోండి. దొంగ సామానని తేలితే 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం కింద కేసే.

టికెట్ కిటికీ మాత్రం ఇటుకలతో మూయించకండి. పాలవాడికి డబ్బులివ్వడానికి అంతకన్నా మంచి చోటు లేదు.