సియోల్ లగ్జరీ ట్రిప్: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

హైదరాబాద్‌లో ట్రావెల్ ప్లానింగ్ నా వృత్తి. ఒకప్పుడు దుబాయ్, సింగపూర్ అడిగినవాళ్లే ఇప్పుడు సియోల్ అంటున్నారు. పెళ్లిరోజుకని కొందరు, అమ్మాయి చదువు పూర్తయిందని కొందరు, తల్లీకూతుళ్లు ఇద్దరమే వెళ్లొస్తామని ఇంకొందరు. అందరి కోరికలూ దాదాపు మూడే: మంచి హోటల్, తృప్తిగా షాపింగ్, సూట్‌కేసు నిండా కొరియన్ స్కిన్‌కేర్. ఖర్చుకు వెనకాడరు. కానీ ఎవరో చెప్పిన మాట నమ్మి, అక్కర్లేని చోట పెట్టేస్తారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: హోటల్ ఎంత ఖరీదైతే ట్రిప్ అంత బాగుంటుంది. ఊళ్లో ఎక్కడుంటే ఏంటి?

సియోల్‌ను హాన్ నది రెండుగా విడదీస్తుంది. ఉత్తరాన రాజప్రాసాదాలు, పాత పెంకుటిళ్ల పేట బుక్‌చాన్, మ్యోంగ్‌డాంగ్ బజారు. దక్షిణాన గంగ్నమ్, అప్గుజాంగ్, చాంగ్‌దమ్. సాయంత్రం వంతెనల మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే టాక్సీలోనే పొద్దు గడిచిపోతుంది.

విజయవాడ నుంచి ఒక తల్లీకూతురు వచ్చారు. నదికి దక్షిణాన జామ్‌సిల్‌లోని లోటే వరల్డ్ టవర్ ఫొటో చూపించి, ఇక్కడే గది కావాలన్నారు. 123 అంతస్తులు, 555 మీటర్ల ఎత్తు; అందులో 76 నుంచి 101 వరకు సిగ్నియెల్ హోటల్. ఆ కిటికీలోంచి ఊరు చూడటం గొప్పగానే ఉంటుంది. పిల్లలతో వెళ్లేవాళ్లకైతే పక్కనే లోటే వరల్డ్ థీమ్ పార్కు ఉంది కాబట్టి నేనే అక్కడ బుక్ చేస్తాను. కానీ వీళ్ల లిస్టులో ఉన్నవి మ్యోంగ్‌డాంగ్, బుక్‌చాన్, లోటే డిపార్ట్‌మెంట్ స్టోర్ మెయిన్ బ్రాంచ్. జామ్‌సిల్ నుంచి మెట్రోలో అరగంట వెళ్లాలి, మళ్లీ అరగంట రావాలి. పైగా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. అందుకని మ్యోంగ్‌డాంగ్ పక్కనే ఉన్న యుల్జిరో 1-గా మెట్రో స్టేషన్ దగ్గర గది ఇప్పించాను. రెండు గంటలు తిరగడం, సంచులు గదిలో పడేయడం, ఆవిడ మోకాళ్లకు కాపడం పెట్టుకుని కాసేపు నడుం వాల్చడం, మళ్లీ బయల్దేరడం. నాలుగు రోజులూ అలాగే గడిపారు. వచ్చాక ఆవిడ హోటల్ పేరు చెప్పలేదు, "ఎంత దగ్గరమ్మా!" అన్నారు.

రేటు చూసేటప్పుడు పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయేమో గమనించండి. పది శాతం సర్వీస్ ఛార్జి, దాని మీద మరో పది శాతం పన్ను కలిపితే 21 శాతం పెరుగుతుంది. ముగ్గురు పెద్దవాళ్లు వెళ్తుంటే గదికి ఎంతమందిని అనుమతిస్తారో ముందే రాతపూర్వకంగా తీసుకోండి. మన దగ్గరలా కింద ఒక పరుపు వేసుకుందాంలే అంటే చాలా చోట్ల కుదరదు.  

అపోహ: అమెరికాలో ఉండే మా చెల్లి కె-ఈటీఏతో వెళ్లింది, మాకూ అదే చాలు.

చాలదు. అది వీసా అక్కర్లేని దేశాలవాళ్లు ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి. భారత పాస్‌పోర్టుతో సియోల్ వెళ్లాలంటే వీసా తీసుకోవాల్సిందే.

అపోహ: బ్రాండెడ్ బ్యాగులు కొరియాలో చవక.

యూరప్ బ్రాండ్లు దేశానికో ధర పెడతాయి. చాలాసార్లు పారిస్‌లోనే తక్కువకు వస్తాయి. షనెల్ బ్యాగు కోసం సియోల్ వాళ్లే షాపు తలుపులు తెరవకముందు నుంచి క్యూ కట్టిన రోజులున్నాయి. దానికి 'ఓపెన్ రన్' అని పేరు కూడా పెట్టుకున్నారు. అక్కడికి వెళ్లి కొనాల్సింది కొరియన్ డిజైనర్ల బట్టలు, కళ్లద్దాలు, కాస్మెటిక్స్.

అపోహ: ట్యాక్స్ ఫ్రీ, డ్యూటీ ఫ్రీ రెండూ ఒకటే. పది శాతం పన్ను మొత్తం వెనక్కి వస్తుంది.

రెండూ వేరు. డ్యూటీ ఫ్రీలో కొన్న సరుకు చాలావరకు ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ దాటాకే చేతికొస్తుంది. అది సాయంత్రం హోటల్‌లో వాడుకోవడానికి పనికిరాదు. ట్యాక్స్ ఫ్రీ బోర్డున్న షాపులో అయితే పన్నుతో కలిపి కొని, దాన్ని తర్వాత రాబట్టుకుంటాం. ఒక బిల్లు 15,000 వాన్ (కొరియా కరెన్సీ) దాటితే అర్హత వస్తుంది. చాలా షాపుల్లో పాస్‌పోర్టు చూపిస్తే కౌంటర్ దగ్గరే తగ్గించేస్తారు. దీనికి బిల్లుకు 10 లక్షల వాన్, ట్రిప్ మొత్తానికి 50 లక్షల వాన్ పరిమితి. పన్ను 10 శాతమే అయినా, అది ధరలో కలిసే ఉంటుంది కాబట్టి, మధ్యలో రీఫండ్ కంపెనీ ఫీజు కూడా పోతుంది కాబట్టి, చేతికొచ్చేది అంతకన్నా తక్కువే.

పాస్‌పోర్టు హోటల్ లాకర్‌లో పెట్టి ఫోన్‌లో ఫొటో చూపిస్తామంటే ఒప్పుకోకపోవచ్చు, అసలుదే దగ్గరుంచుకోండి. షాపులో తగ్గించని బిల్లులుంటే ఇంచియాన్ ఎయిర్‌పోర్టులో పెట్టె చెక్-ఇన్‌కు ఇచ్చేముందే రీఫండ్ మెషిన్ దగ్గరికి వెళ్లండి. సరుకు చూపించమంటే పెట్టె మీ చేతిలో ఉండాలి. ఇక్కడ దిగాక కస్టమ్స్ వాళ్లు అడిగినా అవే బిల్లులు అక్కరకొస్తాయి.

అపోహ: కొరియన్ క్రీములు తెల్లగా చేస్తాయి. మొహానికి ఒకదాని మీద ఒకటి రాసే పది స్టెప్పులూ చేయాల్సిందే.

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. డబ్బా మీద 'వైటెనింగ్' అని చూడగానే మనవాళ్ల కళ్లు మెరుస్తాయి. కొరియాలో అది ప్రభుత్వం గుర్తించిన 'ఫంక్షనల్ కాస్మెటిక్స్' వర్గం. అందులో నయాసినమైడ్, ఆర్బుటిన్ లాంటి పదార్థాలు 2 నుంచి 5 శాతం వరకు ఉంటాయి. మచ్చల్ని, ఎండకు పేరుకున్న నలుపుని కొంత తగ్గిస్తాయంతే. పుట్టుకతో వచ్చిన రంగు మారదు, మారాల్సిన అవసరమూ లేదు. ఈ మాట పదహారేళ్ల పిల్లల ముందు గట్టిగానే చెబుతాను.

జనవరిలో సియోల్ చలి సున్నాకు పది డిగ్రీల కిందికి కూడా పోతుంది, గాలి పొడిగా ఉంటుంది. ఆ వాతావరణానికి చేసిన చిక్కటి క్రీము రాజమండ్రి ఉక్కపోతలో రాస్తే మొహం జిడ్డు కారి మొటిమలు లేస్తాయి. మనకు తేలికైన జెల్, మంచి సన్‌స్క్రీన్ చాలు. ఎస్‌పీఎఫ్ 50+, పీఏ పక్కన నాలుగు ప్లస్‌లు ఉన్నది తీసుకుని, రెండు వేళ్ల పొడవునా పిండి మొహానికి, మెడకు రాయండి. చర్మం మంటను తగ్గిస్తాయని అమ్మే సికా క్రీముల్లో ఉండే సెంటెల్లా మన మండూకపర్ణే. చాలా ఇళ్లలో సరస్వతి ఆకు అంటారు.

ఒకావిడ తెచ్చుకున్న సీరమ్‌లు డేట్ అయిపోయాయని పారేయబోతూ నాకు ఫోన్ చేశారు. ఫొటో పెట్టమన్నాను. తేదీ పక్కన కొరియన్‌లో 'జేజో' అని ఉంది, అంటే తయారైన రోజు. 'కాజీ' అని ఉంటే ఆ తేదీ వరకు వాడొచ్చని. షాపులోనే అడిగి, ఆ రెండు మాటల అక్షరాలు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

అపోహ: వెళ్లాం కదా, చివరి రోజు క్లినిక్‌లో ఒక లేజర్ చేయించుకుని వచ్చేద్దాం.

మన చామనఛాయ చర్మానికి లేజర్ పవర్ ఎక్కువైతే ఉన్న మచ్చ పోకపోగా కొత్త నలుపు దిగుతుంది. మంగు మచ్చలున్నవాళ్లకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. నా క్లయింట్ ఒకరు ఫ్లైట్‌కు ముందురోజు చేయించుకుని వచ్చారు. వారం తిరిగేసరికి బుగ్గల మీద ముదురు మచ్చలు. అక్కడి డాక్టర్‌కు చూపించే వీల్లేదు, ఇక్కడి డాక్టర్‌కు అక్కడ ఏం చేశారో తెలీదు. నెలల తరబడి టెన్షన్ పడ్డారు. చేయించుకోవాలనే ఉంటే ముందు మీ ఊళ్లో చర్మవైద్యుణ్ని కలిసి అడగండి, అక్కడ మొదటి రోజుల్లోనే అపాయింట్‌మెంట్ పెట్టుకోండి, చేసిన చికిత్స వివరాలు ఇంగ్లిష్‌లో రాయించుకోండి.

చివరి రోజు మాత్రం నేను ఏ క్లినిక్కూ పెట్టను. బుక్‌చాన్‌లో పాత పెంకుటిళ్ల మధ్య టీ తాగడానికి ఒక పూట ఖాళీగా వదిలేస్తాను.