ఎన్‌ఎఫ్‌సీలో రెండు రకాల యురేనియం ఎందుకు?

హైదరాబాద్ ఈసీఐఎల్ ప్రాంతంలోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ (ఎన్‌ఎఫ్‌సీ)లో కరెంటు తీసే రియాక్టర్ ఏదీ లేదు. జరిగేదంతా దాదాపు కుమ్మరి పని, కమ్మరి పని. యురేనియం ఆక్సైడ్ పొడిని బిళ్లలుగా అదిమి, సుమారు 1,700 డిగ్రీల వేడిలో కాలుస్తారు. వేలి కొన మందాన ఉండే ఆ నల్లటి బిళ్లలను జిర్కోనియం గొట్టాల్లో పేర్చి మూతలు వెల్డింగ్ చేస్తారు. అలాంటి గొట్టాలు 19 కలిపితే అర మీటరు పొడవున్న కట్ట. 220 మెగావాట్ల రియాక్టర్ ఒక్కదానికే ఇలాంటి కట్టలు 3,672 కావాలి.

ఇంధనం తయారీ మొదట ముంబయిలోని ట్రాంబేలోనే సాగింది. రాజస్థాన్ తొలి రియాక్టర్‌కు మొదటి విడత ఇంధనంలో సగం అక్కడిదే, మిగతా సగం కెనడాది. రియాక్టర్లు పెరిగితే ఆ చిన్న ఏర్పాటు చాలదని 1971లో హైదరాబాద్‌లో ఈ సంస్థను పెట్టారు.

అన్నిటికంటే చిక్కు పని గొట్టాలదే అనిపిస్తుంది. సముద్రతీరపు ఇసుకలో దొరికే జిర్కాన్ నుంచి జిర్కోనియం తీయాలి. దాన్ని అంటిపెట్టుకుని హాఫ్నియం అనే మరో లోహం ఉంటుంది. రసాయనికంగా రెండూ కవలల్లాంటివే, కానీ అణు చర్యను నడిపించే న్యూట్రాన్లను హాఫ్నియం మింగేస్తుంది. దాన్ని వేరు చేయకపోతే ఆ గొట్టం రియాక్టర్‌కు పనికిరాదు.

ఇక యురేనియం. మహారాష్ట్రలోని తారాపూర్ రియాక్టర్లకు కావలసిన శుద్ధి యురేనియం (యురేనియం-235 పాలు పెంచినది) అమెరికా నుంచి వచ్చేది. 1974 పోఖ్రాన్ పరీక్ష తర్వాత పేచీ మొదలై చివరికి అది ఆగింది. ఫ్రాన్స్ ఆదుకుంది. మామూలు యురేనియంతో నడిచే మిగతా రియాక్టర్లకు జార్ఖండ్‌లోని జాదుగూడ గనులే దిక్కు. 2007-08 నాటికి ఆ ఖనిజం చాలక రియాక్టర్లను సగం సామర్థ్యంతో నడపాల్సి వచ్చింది. కట్టుకున్న రియాక్టర్లు ఇంధనం కోసం ఎదురుచూడటం ఎంత ఇబ్బందో!

2008 సెప్టెంబరులో అణు సరఫరా దేశాల కూటమి తన అణు వ్యాపార నిబంధనల నుంచి భారత్‌కు మినహాయింపు ఇవ్వడంతో ఫ్రాన్స్, రష్యా, కజకిస్థాన్‌ల నుంచి యురేనియం వచ్చింది. ముఖ్యమైన షరతు: దిగుమతి సరుకు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీలో ఉండాలి. అందుకే ఒకే ప్రాంగణంలో కొన్ని బ్లాకులు ఆ తనిఖీల కిందికి వెళ్లాయి, కొన్ని వెళ్లలేదు. జాదుగూడ, కడప జిల్లా తుమ్మలపల్లె గనుల సరుకుకు ఆ షరతు లేదు. బిళ్ల చూడ్డానికి ఒకటే, లెక్క పుస్తకాలు మాత్రం రెండు.