మసి పట్టిన చెంచా

పిల్లలకు నానో గురించి చెప్పేటప్పుడు మనం సాధారణంగా సున్నాలతో మొదలుపెడతాం. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లో వంతు అని బోర్డు మీద రాస్తాం. పిల్లలు దాన్ని రాసుకుంటారు, పరీక్షలో దించేస్తారు, మరచిపోతారు. నన్నడిగితే, ముందు ఒక చేమాకు తెమ్మంటాను.

చేమాకు మీద నీళ్ళు చిలకరిస్తే తడి అంటదు, బొట్లు పూసల్లా దొర్లిపోతాయి. అదే ఆకును ఒక మూల బొటనవేలితో గట్టిగా రుద్ది మళ్ళీ నీళ్ళు చల్లండి. ఈసారి అక్కడ నీరు పరుచుకుని అంటుకుంటుంది. ఆకు మీద మైనం ఇంకా కొంత మిగిలే ఉంటుంది. చెదిరింది దాని అమరిక.

ఆ అమరిక విలువను ప్రపంచానికి చూపినవారు జర్మనీ వృక్షశాస్త్రవేత్త విల్హెల్మ్ బార్ట్‌లాట్. 1970లలో ఆయన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఆకులను పరిశీలిస్తున్నప్పుడు ఒక వింత గమనించారు. నున్నటి ఆకులను ముందుగా కడగాల్సి వచ్చేది, మైనపు గరుకున్న ఆకులకు ఆ అవసరమే ఉండేది కాదు. నున్నగా ఉంటేనే శుభ్రంగా ఉంటుందన్న మన ఇంటి లెక్క ఇక్కడ తలకిందులైంది. తామరాకు నిండా మిల్లీమీటరులో వందో వంతు ఉండే బొడిపెలుంటాయి. వాటిని కప్పుతూ దాదాపు వంద రెట్లు సన్నని మైనపు గొట్టాలుంటాయి. నీటిబొట్టు వాటి కొనల మీదే నిలబడుతుంది, అడుగున ఎక్కువ భాగం గాలే. దొర్లుతూ దొర్లుతూ దుమ్మును కూడా తుడుచుకుపోతుంది.

ఇలాంటి గరుకును పిల్లలే తయారుచేయవచ్చు. పెద్దవాళ్ళు పక్కన ఉండగా స్టీలు చెంచాను కొవ్వొత్తి మంటలో పట్టి, మసి దట్టంగా పేరుకున్నాక చల్లారనివ్వాలి. దాని మీద నీటిబొట్టు వేస్తే పాదరసంలా పరుగెడుతుంది. ఆ మసి రేణువు ఒక్కొక్కటి కొన్ని పదుల నానోమీటర్లు; వెంట్రుక మందంలో వెయ్యో వంతు కంటే చిన్నది. ఆముదం దీపం మీద కాటుక పట్టిన మన అమ్మమ్మల చేతికీ ఇలాంటి రేణువులే అంటాయి. అంతమాత్రాన వాళ్ళను నానో శాస్త్రవేత్తలనడం అతిశయోక్తే అనుకోండి.

అయితే ఈ పూత వేలు తగిలితే చెరిగిపోతుంది. ఇంజనీరింగుకు పని పడేది ఇక్కడే. జర్మనీలోని మైన్జ్ నగరంలో మాక్స్ ప్లాంక్ పాలిమర్ పరిశోధన సంస్థ వారు 2012లో కొవ్వొత్తి మసినే అచ్చుగా వాడుకున్నారు. దాని మీద సిలికా (ఇసుకలో, గాజులో ఉండే పదార్థం) పొర కట్టించి, కొలిమిలో కార్బన్‌ను కాల్చేశారు. మసి పోయి దాని ఆకారం గాజులా మిగిలింది. దానికి ఫ్లోరిన్ ఉన్న పూత కూడా వేస్తే నీరే కాదు, నూనె కూడా అంటలేదు.

ఇంతకీ చెంచా మీది రేణువులను బడిలోని మైక్రోస్కోపు చూపగలదా? చూపలేదు. కాగితం మడతలతో శాస్త్రవేత్త మను ప్రకాశ్ బృందం చేసిన ఫోల్డ్‌స్కోప్ అనే చవక మైక్రోస్కోపు ఉల్లిపొర కణాలను చక్కగా చూపిస్తుంది గాని, మసి దగ్గర ఎంత ఖరీదైన కటకాలైనా తడబడతాయి. తప్పు కటకానిది కాదు. మన కంటికి కనిపించే వెలుగు తరంగాల పొడవే 400 నుంచి 700 నానోమీటర్లు. మామూలు మైక్రోస్కోపుతో సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకటిగా కలిసిపోతాయి. జర్మనీ భౌతికశాస్త్రవేత్త ఎర్నెస్ట్ అబ్బే 1873లోనే ఈ హద్దు గీశారు.

హద్దు దాటడానికి ఒక దారి వెలుగుకు బదులు ఎలక్ట్రాన్లతో చూడడం. రెండోది తడమడం. 1986లో వచ్చిన అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు చేసేది అదే: సన్నని సూదిమొనతో ఉపరితలాన్ని గీతలు గీతలుగా తడిమి, ఎత్తుపల్లాల పటం గీస్తుంది. తరగతిలో దీన్ని చెప్పుల పెట్టెతో ఆడించవచ్చు. లోపల మట్టితో గుట్టలు, గుంటలు చేసి, మూతకు వరుసగా రంధ్రాలు పెట్టి, ఒక పుల్ల దింపి ఎంత లోతు దిగిందో గళ్ళ కాగితం మీద రాయమనాలి. ఒక జట్టుకు చీపురుపుల్ల, ఇంకో జట్టుకు మొద్దు పెన్సిలు ఇవ్వండి. పెట్టె ఒకటే అయినా పటాలు రెండు రకాలుగా వస్తాయి. పెన్సిలు వాళ్ళ పటంలో ఇరుకు గుంటలు ఉండవు.