వెనిస్ నౌకాశాల ద్వారం, రాతి సింహం, మన ఊరి శాసనాలు: అపోహలు - వాస్తవాలు

ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లలో రాతి శాసనాలకు కాగితం మీద అచ్చులు తీయడం నా పని. వెనిస్‌లో ఆర్సెనాలే అని పాత యుద్ధనౌకల నిర్మాణశాల ఉంది. దాని రాతి ద్వారం గురించి వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్ చూశాక ఇది రాయక తప్పలేదు, ఎందుకంటే అందులోని తప్పులే నేను మన గుళ్ల దగ్గరా వింటుంటాను.

అపోహ: ద్వారమూ, ముందున్న సింహాలూ ఒకేసారి చేయించినవి.

వాస్తవం: ద్వారం 1460 ప్రాంతంలోది. స్తంభాల మీది శీర్షాలు అంతకంటే పాతవి, ఇంకో కట్టడానివి. కూర్చున్న పెద్ద సింహం అయితే గ్రీసులోని పిరేయస్ రేవులో ఉండేది, 1687 నాటి యుద్ధంలో వెనిస్ సేనాని మొరోసీని దాన్ని పట్టుకొచ్చాడు.

అపోహ: సింహం భుజాల మీది రాతలో హరాల్డ్ అనే రాజు పేరు స్పష్టంగా ఉంది.

వాస్తవం: అవి రూన్ అక్షరాలు, 11వ శతాబ్దంలో స్కాండినేవియా నుంచి వచ్చినవాళ్లు చెక్కినవి. 19వ శతాబ్దంలో రఫ్న్ అనే డెన్మార్క్ పండితుడు అరిగిన చోట్ల ఊహతో పూరించి హరాల్డ్ పేరు చదివాడు. ఇప్పటి పండితులు దాన్ని ఒప్పుకోరు, ఆన్‌లైన్‌లో మాత్రం ఆ అనువాదమే ఇంకా తిరుగుతోంది. అరిగిపోయిన అక్షరాన్ని అరిగిపోయిందనే రాయాలి, మా పనిలో అన్నిటికంటే కష్టం అదే.

అపోహ: శాసనం ఉన్నచోట నిధి ఉంటుంది.

వాస్తవం: దీనివల్ల ఎన్ని రాళ్లు పగిలాయో! పాత ప్రకాశం జిల్లా మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం చూడండి. తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును మునుపటి రాజులు లాక్కునేవారు, తాను సుంకం తప్ప ఏమీ తీసుకోనని సముద్ర వ్యాపారులకు మాట ఇచ్చాడు. ఒక రేవు బతుకంతా ఆ రాతిలో ఉంది.

అపోహ: శాండ్ బ్లాస్టింగ్ (రాతి మీద ఇసుకను వేగంగా చిమ్మి శుభ్రం చేయడం) చేయిస్తే అక్షరాలు బాగా కనిపిస్తాయి.

వాస్తవం: ఇసుక తాకిడికి రాతి పైపొర ఊడిపోతుంది, అక్షరమూ దాంతోపాటే పోతుంది. యాసిడ్, ఆయిల్ పెయింట్ కూడా వద్దు. మేము నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో దుమ్ము తీసి, తడి కాగితం పరిచి, బ్రష్‌తో తట్టి సిరా అద్దుతాం, అంతే. ఒక ఊళ్లో నేను మూడు నెలల ముందు చూసి వెళ్లిన పది వరుసల శాసనం, తిరిగి అచ్చు తీయడానికి వెళ్లేసరికి నున్నటి రాయి అయింది. గుడిని శుభ్రం చేయించామని వాళ్లు సంతోషంగా చూపించారు. మీ ఊరి గుళ్లో పని మొదలుపెట్టే ముందు, కనీసం పక్క నుంచి వెలుతురు పడేటప్పుడు గోడలకు ఫోటోలు తీసి పెట్టండి.